కాల్చిన తూటా ఇత్తడి: అమెరికాలో ఏరుకుంటారు, బెంగళూరులో లెక్కపెట్టి తీసుకుంటారు. ఎందుకు?

క్లుప్తంగా: షూటింగ్ రేంజ్‌లో కాల్చాక నేల మీద రాలిన ఇత్తడి కేసింగ్‌లను (తూటా ఖాళీ డొల్లలను) ఏరి, శుభ్రం చేసి, మళ్ళీ మందు నింపుకోవడం అమెరికాలో మామూలు అలవాటు. మన దగ్గర అది లేకపోవడానికి చట్టం ఒక్కటే కారణం కాదు. బెంగళూరులో క్రీడాకారులు కాల్చే తూటాల్లో ఎక్కువ భాగం మళ్ళీ నింపడానికి పనికిరాని రకం. పనికొచ్చే కొలతలవి ఎక్కువగా పోలీసు, సైనిక రేంజ్‌లలో రాలుతాయి. అవి ప్రభుత్వ ఆస్తి, పైగా నిషిద్ధ బోరు, అంటే పౌరులకు అనుమతి లేని కొలత. సరదాకి జేబులో వేసుకున్న ఒక్క ఖాళీ కేసింగ్ కూడా ఎయిర్‌పోర్టులో పెద్ద ఇబ్బంది తెచ్చిపెట్టగలదు.

అయోమయం ఎక్కడ మొదలైంది

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో షూటింగ్ నేర్చుకునే పిల్లలు ఇప్పుడు అరుదు కాదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్‌కే చెందిన ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణంలో భాగమైంది, అదే విభాగంలో వ్యక్తిగత రజతమూ గెలిచింది. ఇలాంటి గెలుపులు చూసి మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో ఉండే తల్లిదండ్రులు పిల్లల్ని ఎయిర్ రైఫిల్ క్లాసుల్లో చేర్పిస్తున్నారు. పిల్లలు కాస్త ఎదిగాక ఎయిర్ పిస్టల్ నుంచి అసలు తూటా పేల్చే .22 పిస్టల్‌కు వెళ్తారు. ఖాళీ కేసింగ్‌లు నేల మీద రాలడం మొదటిసారి చూసేది అప్పుడే.

ఇంకో వైపు, డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉండే అన్నయ్యో బావగారో వీకెండ్‌లో రేంజ్‌కి వెళ్ళి, బకెట్ నిండా ఇత్తడి ఏరుకొచ్చి గ్యారేజీలో తూటాలు చేసుకుంటున్న వీడియో వాట్సాప్‌లో పంపిస్తారు. అది చూసినవాళ్ళకు వచ్చే ప్రశ్నలు సహజమైనవే. అంత ఖరీదైన లోహం ఇక్కడ ఎందుకు వృథాగా పోతోంది? రేంజ్ సిబ్బంది ఒక గుప్పెడు కూడా ఎందుకు పట్టుకెళ్ళనివ్వరు? దిగుమతి తూటాల ధర భరించలేక ఆట మానేస్తున్న పిల్లలుంటే, మళ్ళీ నింపుకునే దారి ఎందుకు చూపించరు? వీటికి ‘రూల్స్ ఒప్పుకోవు’ అని ఒక్క ముక్కలో చెప్పే జవాబు సగమే. మిగతా సగం తూటా నిర్మాణంలో ఉంది.

కేసింగ్ ఇత్తడితోనే ఎందుకు చేస్తారు

వార్తల్లో ‘బుల్లెట్’ అని రాసేది చాలాసార్లు పూర్తి తూటాని. నిజానికి తూటాలో నాలుగు భాగాలుంటాయి. ముందు కొసన గుండు, లోపల మందు, వెనక అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, ఈ మూడింటినీ ఒక్కచోట పట్టి ఉంచే కేసింగ్. పేల్చాక గుండు వెళ్ళిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ పని అయిపోతుంది. మిగిలేది కేసింగే. పోలీసులు, రేంజ్ సిబ్బంది దాన్ని ఎంప్టీ అంటారు, ఉత్తరాది బలగాల్లో ఖోకా అంటారు.

కేసింగ్‌కి వాడే ఇత్తడిలో 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. కేసింగ్‌ని ఉత్త డబ్బా అనుకుంటే పొరపాటు. 9 ఎంఎం పిస్టల్ తూటా పేలినప్పుడు లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 35,000 పౌండ్ల దాకా వెళ్ళొచ్చు. ఆ ఒత్తిడికి కేసింగ్ గోడ ఉబ్బి తుపాకీ చాంబర్ గోడకు గట్టిగా అతుక్కుంటుంది. దాంతో వేడి వాయువులు వెనక్కి, అంటే కాల్చేవాడి ముఖం వైపు, తన్నకుండా దారి మూసుకుపోతుంది. ఒత్తిడి తగ్గిన మరుక్షణం అది కొద్దిగా ముడుచుకుని వదులవుతుంది, అందుకే చాంబర్‌లోంచి తేలిగ్గా బయటపడుతుంది. ఉబ్బడం, మళ్ళీ ముడుచుకోవడం, ఈ రెండూ సరైన పాళ్ళలో చేయగలిగిన లోహం ఇత్తడి. చవకగా ఉంటుందని రష్యన్ కంపెనీలు ఉక్కుతో, కొన్ని అమెరికన్ కంపెనీలు అల్యూమినియంతో కేసింగ్‌లు చేశాయి. అవి ఒక్కసారి వాడి పారేయడానికే.

తూటా ధరలో కేసింగ్ వాటా పెద్దది. చాలా రకాల్లో నాలుగు భాగాల్లోకీ అదే ఖరీదైనది. కాబట్టి దాన్ని పదే పదే వాడుకోగలిగితే ఖర్చు బాగా తగ్గుతుంది. అమెరికాలో మళ్ళీ నింపే అలవాటు నిలబడింది ఈ లెక్క మీదే. 2013లోనూ, 2020–21లోనూ అక్కడ దుకాణాల్లో తూటాలు దొరకని పరిస్థితి వచ్చినప్పుడు నేల మీద ఇత్తడికి గిరాకీ ఇంకా పెరిగింది.

ఏరడం నుంచి నింపడం దాకా

ఏరడమే ఒక పని. తుపాకీ పక్కనే వల సంచి కట్టి కేసింగ్ నేల మీద పడకుండా పట్టేవాళ్ళున్నారు. తీగలతో చేసిన గుండ్రటి పంజరాన్ని నేల మీద దొర్లించి ఏరేవాళ్ళున్నారు. తర్వాత వేరుచేయడం. అయస్కాంతం పెడితే ఉక్కువి అంటుకుంటాయి, అవి పక్కకు పోతాయి. మిగిలినవాటి అడుగున చెక్కిన గుర్తులు చదివి ఏ కొలత, ఏ ఫ్యాక్టరీ అన్నది తేలుస్తారు. ఈ దశలో అజాగ్రత్త ఖరీదైనది. .380 కేసింగ్ 9 ఎంఎం వాటిలో కలిసిపోతే కంటికి తేడా వెంటనే తెలియదు. .45లో చిన్న ప్రైమర్ పట్టేవీ పెద్ద ప్రైమర్ పట్టేవీ రెండూ ఉన్నాయి.

ఆ తర్వాత తిరిగే డ్రమ్ములో వాల్‌నట్ పెంకు పొడి గానీ మొక్కజొన్న కండె పొడి గానీ వేసి తోముతారు. ప్రెస్‌లో (నొక్కే యంత్రంలో) పెట్టి పాత ప్రైమర్ బయటకు నెట్టి, ఉబ్బిన కేసింగ్‌ని మళ్ళీ అసలు కొలతకు నొక్కి, కొత్త ప్రైమర్, తూచిన మందు, కొత్త గుండు పెడతారు. చెప్పడానికి నాలుగు మాటలే. ప్రమాదమంతా తూచే దగ్గర ఉంది. ఒకే కేసింగ్‌లో పొరపాటున రెండుసార్లు మందు పడితే తుపాకీ చేతిలోనే పగిలిపోవచ్చు. అసలు మందే పడకపోతే ప్రైమర్ దెబ్బకు గుండు బ్యారెల్‌లోకి వెళ్ళి ఇరుక్కోవచ్చు. అది గమనించక ఇంకో రౌండ్ కాలిస్తే బ్యారెల్ చీలవచ్చు.

ఇత్తడికి ఆయువు కూడా పరిమితమే. ఒక తీగను అటూ ఇటూ వంచుతూ పోతే కాసేపటికి అక్కడే పుటుక్కున తెగుతుంది. కేసింగ్ మూతికీ అదే జరుగుతుంది. పేలిన ప్రతిసారీ ఉబ్బి, ప్రెస్‌లో పెట్టిన ప్రతిసారీ నొక్కుకుని, లోహం పెళుసుబారుతుంది. మూతిని కొద్దిగా వేడిచేసి మళ్ళీ మెత్తబరిస్తే కొన్నాళ్ళు ఆయువు పెరుగుతుంది, అంతే. తక్కువ ఒత్తిడి పిస్టల్ కేసింగ్‌లు చాలాసార్లు తట్టుకుంటాయి. ఎక్కువ ఒత్తిడి రైఫిల్‌వి కొద్దిసార్లకే మూతి దగ్గర చీలడమో, అడుగు భాగం విడిపోవడమో జరుగుతుంది. అందుకే అనుభవమున్నవాళ్ళు తాము కొని తామే కాల్చిన కేసింగ్‌లనే నమ్ముతారు. నేల మీద దొరికిన అనామక ఇత్తడి ఎన్నిసార్లు కాలిందో, ఎలాంటి తుపాకీలో కాలిందో దాన్ని చూసి చెప్పడం కష్టం. వీడియోల్లో బకెట్లు కనిపిస్తాయి గానీ, అందులోంచి ఎంత పక్కన పెట్టాల్సి వచ్చిందో అంతగా కనిపించదు.

బెంగళూరు రేంజ్‌లో రాలేది ఏమిటి

ఈ వ్యాసంలో గట్టిగా పట్టుకోవాల్సిన విషయం ఇది. మన దేశంలో మామూలు పౌరులు, పిల్లలు, కాలేజీ విద్యార్థులు చేసే షూటింగ్‌లో పెద్ద వాటా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్‌ది. వాటిలో మందు లేదు, కేసింగ్ లేదు. గాలి ఒత్తిడితో చిన్న సీసపు పెల్లెట్ వెళ్తుంది. బెంగళూరులో అపార్ట్‌మెంట్ల మధ్య, కాంప్లెక్సుల మీద నడిచే ప్రైవేటు అకాడమీల్లో ఎక్కువ భాగం ఈ రకమే. అక్కడ ఏరడానికి ఇత్తడే ఉండదు.

దాని పై మెట్టు .22 ఎల్ఆర్ (లాంగ్ రైఫిల్) తూటా. 50 మీటర్ల రైఫిల్, 25 మీటర్ల స్పోర్ట్స్ పిస్టల్, ర్యాపిడ్ ఫైర్, అన్నీ దీంతోనే. దీని కేసింగ్ ఇత్తడిదే, నేల మీద మెరుస్తూనే ఉంటుంది. కానీ దీన్ని మళ్ళీ నింపడం ఆచరణలో కుదరదు. 9 ఎంఎం లాంటి ‘సెంటర్‌ఫైర్’ తూటాలకు ప్రైమర్ అడుగున మధ్యలో విడిగా ఒక చిన్న గిన్నెలా అమర్చి ఉంటుంది, పాతది నెట్టేసి కొత్తది పెట్టొచ్చు. .22లో విడి ప్రైమర్ ఉండదు. అడుగు అంచు చుట్టూ ఉన్న సన్నటి మడత లోపలే పేలే రసాయనాన్ని ఫ్యాక్టరీలో పరుస్తారు. పిస్టల్ లోని పిన్ను ఆ అంచును నలిపితే నిప్పు పుడుతుంది. ఒకసారి నలిగిన అంచును మళ్ళీ నిలబెట్టి, అందులో మళ్ళీ సమంగా రసాయనం పరచడం ఇంట్లో చేయగల పని కాదు, చేసినా నమ్మదగింది కాదు. అమెరికాలో కూడా .22 ఎంప్టీలు తుక్కుకే వెళ్తాయి.

తుక్కుగా చూసినా పెద్దగా రాదు. ఒక్కో .22 కేసింగ్ బరువు అటూ ఇటుగా 0.6 గ్రాములు. కిలో ఇత్తడి కావాలంటే 1,500కు పైగా ఏరాలి. 9 ఎంఎం కేసింగ్ సుమారు 4 గ్రాములు, అంటే కిలోకు దాదాపు 250.

గాల్లో ఎగిరే మట్టి పళ్ళాలను కాల్చే ట్రాప్, స్కీట్ పోటీలు ఆడేవాళ్ళు వాడే 12 బోరు తూటా సంగతి వేరు. దాని ఒళ్ళు ప్లాస్టిక్. అడుగున పసుపు రంగులో మెరిసే టోపీ చాలా రకాల్లో ఇత్తడి పూత పూసిన ఉక్కే. సాంకేతికంగా దీన్ని మళ్ళీ నింపవచ్చు గానీ ఇత్తడి కోసం ఏరేవాళ్ళకు అందులో దొరికేది దాదాపు ఏమీ ఉండదు.

మళ్ళీ నింపడానికి నిజంగా అనువైన ఇత్తడి పౌర క్రీడలో కనిపించేది ఒక్క చిన్న మూలలో. పురుషుల 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పిస్టల్ పోటీలో వాడే .32 తూటాలు ఆ కోవలోవి. ఆడేవాళ్ళే తక్కువ. కాబట్టి ‘అంత ఇత్తడి వృథా పోతోంది’ అన్న బాధలో చాలా భాగానికి ఆధారం లేదు.

పోలీసు రేంజ్ ఎంప్టీలు

మరి సెంటర్‌ఫైర్ ఇత్తడి ఎక్కువగా రాలేది ఎక్కడ? పోలీసు, పారామిలిటరీ, సైనిక రేంజ్‌లలో. కర్ణాటకలో పోలీసులు పౌరులకు తుపాకీ వాడకం నేర్పే ‘నాగరిక బందూకు తరబేతి’ శిబిరాలు నడుపుతారు. వాటిలో చేరిన తెలుగువాళ్ళు చాలామందికి మొదటిసారి పెద్ద తుపాకీ పట్టుకునే అవకాశం అక్కడే దొరుకుతుంది. సర్టిఫికెట్‌తో పాటు ఒక ఎంప్టీ జ్ఞాపకంగా తెచ్చుకుందామన్న కోరికా అక్కడే పుడుతుంది.

బలగాల్లో తూటాలు ఇచ్చేటప్పుడు సంఖ్య రాసుకుంటారు. కాల్చాక ఎంప్టీలు లెక్కపెట్టి జమ చేసుకుంటారు. ఇచ్చింది, కాల్చింది, మిగిలింది, మూడూ కలవాలి. కలవకపోతే రేంజ్ మొత్తం వెతుకుతారు. ఒక ఎంప్టీ తగ్గితే పోయింది నాలుగు గ్రాముల ఇత్తడి అని ఎవరూ అనుకోరు. కాల్చని రౌండ్ ఒకటి బయటకు వెళ్ళిందేమోనన్న అనుమానం అది. కాల్చామని చెప్పి లైవ్ రౌండ్లను పక్కకు మళ్ళించడానికి అడ్డం పడేది ఈ ఎంప్టీల లెక్కే. ఉత్తరప్రదేశ్‌లో ప్రైవేటు లైసెన్సుదారులకు కూడా కొత్త తూటాలు కొనాలంటే పాత ఎంప్టీలు చూపించాలనే నిబంధన పెట్టింది కూడా ఇదే ఆలోచనతో.

ఇందులో సాంకేతిక చిక్కు ఇంకొకటి. ప్రైమర్ అమరికలు రెండు రకాలు, బాక్సర్, బెర్డన్. బాక్సర్ రకంలో కేసింగ్ అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది, సన్నటి పుల్లతో పాత ప్రైమర్‌ని నెట్టేయొచ్చు. బెర్డన్ రకంలో పక్కలకు రెండు చిన్న రంధ్రాలుంటాయి, మధ్యలో కేసింగ్‌లోనే భాగమైన చిన్న బొడిపె ఉంటుంది. దాంతో పాత ప్రైమర్ తీయడమే తలనొప్పి. ఈ పేర్లు వాటిని కనిపెట్టినవాళ్ళవి. బెర్డన్‌ది అమెరికా, బాక్సర్‌ది ఇంగ్లండ్. చివరికి బాక్సర్ పద్ధతి అమెరికాలో, బెర్డన్ పద్ధతి యూరప్ సైన్యాల్లో స్థిరపడ్డాయి. పుణె దగ్గరి ఖడ్కీ ప్రభుత్వ ఫ్యాక్టరీలో చేసిన పాత .303 తూటాలు బెర్డన్ రకమే. అమెరికా వీడియోల్లో కనిపించే సులువు బాక్సర్ కేసింగ్‌ల సులువు.

చట్టం ఏమంటుంది

1959 ఆయుధాల చట్టం ‘మందుగుండు’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చాలా వెడల్పయినది. పూర్తి తూటా ఒక్కటే కాదు, తూటా భాగాలు, తూటా తయారుచేసే యంత్రాలు కూడా అందులోకే వస్తాయి. కాబట్టి కేసింగ్ ఖాళీది కదా, ఉత్త లోహం ముక్క కదా అన్న వాదన మొదటి మెట్టు దగ్గరే బలహీనపడుతుంది. సెక్షన్ 3 ప్రకారం మందుగుండు దగ్గర ఉంచుకోవాలంటే లైసెన్సు ఉండాలి. సెక్షన్ 5 ప్రకారం తయారుచేయాలంటే లైసెన్సు ఉండాలి. ఖాళీ కేసింగ్‌లో కొత్త ప్రైమర్, మందు, గుండు పెడితే వచ్చేది పేలే రౌండ్ కాబట్టి, అనుమతి లేకుండా ఆ పని చేసినవాళ్ళు సెక్షన్ 5 దాకా వెళ్తారు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తయారీకి కనీస శిక్ష ఏడేళ్ళు, గరిష్ఠం యావజ్జీవం.

అదే చట్టం ఒక మినహాయింపు కూడా ఇచ్చింది. ఆయుధాల, మందుగుండు చిన్న భాగాలు ఒకరి దగ్గర ఉన్నా, వాటిని మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేకపోతే చట్టం వర్తించదని సెక్షన్ 45 చెబుతుంది. పనికిరాని ఎంప్టీని జ్ఞాపకంగా ఉంచుకున్నవాళ్ళకు ఊరటనిచ్చేది ఇదే. కానీ దీని షరతును మళ్ళీ చదవాలి. కలిపి వాడే ఉద్దేశం లేనప్పుడే మినహాయింపు. మళ్ళీ నింపడం కోసమే ఏరుతున్నానని చెప్పేవాళ్ళు ఆ రక్షణను తామే వదులుకున్నట్టవుతుంది. ఒకే ఇత్తడి ముక్క, షోకేసులో ఉంటే ఒక రకం, ప్రెస్ పక్కన డబ్బాలో ఉంటే ఇంకో రకం.

బోరు సంగతి కూడా ఉంది. 9 ఎంఎం, .303, 7.62, 5.56 లాంటి సైనిక, పోలీసు కొలతలు పౌరులకు నిషిద్ధ బోరు. పౌరులకు దొరికేవి .32, .315, .22, 12 బోరు లాంటివి. బలగాల తూటాలు పక్కదారి పట్టినా బయట వాటిని కాల్చే తుపాకీ దొరక్కూడదన్నది ఈ విభజన వెనక ఉన్న పాత ఆలోచన. ఆయుధాల నిబంధనల షెడ్యూల్ ప్రకారం తూటా భాగాలు కూడా ఆ తూటా ఏ కేటగిరీదో అదే కేటగిరీలోకి వస్తాయి. పోలీసు రేంజ్‌లో తీసుకున్న 9 ఎంఎం ఎంప్టీ కాగితం మీద ఎందుకు బరువైన వస్తువో దీన్ని బట్టి అర్థమవుతుంది.

మిగతా సరుకుల సంగతి చూస్తే ప్రైమర్, మందు రెండూ పేలుడు పదార్థాలే. వాటి మీద 1884 పేలుడు పదార్థాల చట్టం, 2008 నియమాలు, పేలుడు పదార్థాల భద్రత చూసే, నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో సంస్థ నియంత్రణ ఉంటుంది. అమెరికాలో లాగా కౌంటర్ మీద డబ్బా కొనుక్కొచ్చే సరుకు కాదు. ఇత్తడి దొరికినంత మాత్రాన పని మొదలవదు.

కర్ణాటక ప్రస్తావన వచ్చినప్పుడల్లా కొడగును ఉదాహరణగా చూపించేవాళ్ళున్నారు. అక్కడి కొడవ తెగవాళ్ళకు, జమ్మా అనే వంశపారంపర్య భూమి హక్కుదారులకు తుపాకీ ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదన్న మినహాయింపు నిజమే. 2019లో దాన్ని 2029 దాకా పొడిగించారు, 2021లో కర్ణాటక హైకోర్టు కూడా సమర్థించింది. అది తుపాకీ కలిగి ఉండటానికి సంబంధించిన మినహాయింపు. తూటాలు తయారుచేసుకునే అనుమతిగా దాన్ని చదవకూడదు, బెంగళూరుకు అసలే వర్తించదు.

మిగతా దేశాల్లో

అమెరికాలో కూడా నేల మీద ఇత్తడి అందరిదీ కాదు. చాలా రేంజ్‌లలో మీరు కాల్చింది మీరు తీసుకోవచ్చు, పక్కవాళ్ళది ముట్టుకోకూడదు. కొన్ని చోట్ల నేల మీద పడింది రేంజ్‌దే, వాళ్ళు దాన్ని టోకుగా అమ్ముకుంటారు. 2009లో అక్కడి రక్షణ శాఖ కాల్చిన సైనిక ఇత్తడిని నలగ్గొట్టిన తర్వాతే అమ్మాలని నిర్ణయించింది. మళ్ళీ నింపేవాళ్ళు, వాళ్ళకు మద్దతిచ్చిన సెనెటర్లు అభ్యంతరం చెప్పడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. ఇత్తడి అక్కడ రాజకీయ బలమున్న వస్తువు.

బ్రిటన్ మధ్యస్థంగా ఉంది. ఖాళీ కేసింగ్ మీద పట్టు తక్కువ, 2006 చట్టం ద్వారా ప్రైమర్ అమ్మకం మీద పట్టు బిగించారు. పేలేది ప్రైమర్ కాబట్టి దాన్ని కాపలా కాస్తే చాలన్న తర్కం. జపాన్ రెండో కొసన ఉంది. అక్కడి ఆత్మరక్షణ దళాలు అభ్యాసంలో ఒక్క కేసింగ్ తగ్గినా గడ్డి వెతుకుతాయి. మన బలగాల పద్ధతి జపాన్‌కు దగ్గర, మన చట్టం రాత కూడా అటువైపే మొగ్గుతుంది.

ఈ మూడింటిలో బ్రిటన్ దారి మనకు పరిశీలించదగ్గది. సెంటర్‌ఫైర్ పిస్టల్ ఆడే కొద్దిమందికి, రాష్ట్ర సంఘం లేదా జాతీయ రైఫిల్ సంఘం పర్యవేక్షణలో, ఒకే గదిలో, ప్రైమర్‌ల లెక్క ఆన్‌లైన్‌లో ఉంచుతూ మళ్ళీ నింపే ఏర్పాటు ఊహించడం కష్టం కాదు. దాంతో ఆదా అయ్యేది చిన్న మొత్తమే, బాధ్యత మాత్రం పెద్దది. పిల్లల ఖర్చు తగ్గించాలన్నది అసలు ఉద్దేశమైతే .22 తూటాల సరఫరా, ధర, కోటా మీద పని చేయడమే ఫలితమిస్తుంది. 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోం శాఖ క్రీడాకారుల తుపాకీల, తూటాల కోటా పెంచినప్పుడు షూటర్లకు కలిగిన మేలు ఎంత ఇత్తడి ఏరినా కలిగేది కాదు.

ఎయిర్‌పోర్టు దగ్గర

సాధారణ కుటుంబాలు నిజంగా ఇరుక్కునేది ఇక్కడే. కీచైన్‌గా మార్చిన కేసింగ్, ట్రైనింగ్ నుంచి తెచ్చిన జ్ఞాపకం, అమెరికా నుంచి బంధువులు ఇచ్చిన సావనీర్, ఏదో ఒకటి బ్యాగు అడుగున ఉండిపోతుంది. కెంపేగౌడ విమానాశ్రయంలో స్కానర్ మీద తూటా ఆకారం కనబడగానే సిబ్బంది బ్యాగు ఆపుతారు. లైవ్ రౌండ్ అయితే లైసెన్సు చూపించలేని ప్రయాణికుణ్ణి పోలీసులకు అప్పగిస్తారు, ఎఫ్ఐఆర్ దాకా వెళ్తుంది. ఖాళీది అయినా వివరణ ఇచ్చేలోపు విమానం వెళ్ళిపోవచ్చు, ఆ టెన్షన్ వేరే.

కోర్టులు ఇలాంటి కేసుల్లో చూసేది తెలిసి ఉంచుకున్నారా లేదా అన్నది. ఆయుధాల చట్టం కింద నేరం కావాలంటే ఆ వస్తువు తన దగ్గర ఉందన్న ఎరుక ఉండాలని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. తుపాకీ ఏదీ లేకుండా బ్యాగులో ఒంటరిగా దొరికిన ఒక్క తూటాను చిన్న భాగం కింద లెక్కగట్టి ఢిల్లీ హైకోర్టు 2012లో కేసు కొట్టేసింది, తర్వాత ఆ బాటలో మరికొన్ని తీర్పులొచ్చాయి. అయితే ఆ ఊరట దొరికేది హైకోర్టు దాకా వెళ్ళాక. లాయరు ఫీజులు, తిరుగుళ్ళు, పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లో ప్రశ్నలు అప్పటికే అయిపోయి ఉంటాయి. ప్రయాణానికి ముందు షూటింగ్ కిట్ బ్యాగు జేబులన్నీ బోర్లించి దులపడం ఇంతకంటే ఎంతో తేలిక.

సీసం

చాలా తూటాల ప్రైమర్‌లో సీసపు సమ్మేళనం ఉంటుంది. పేలాక దాని మసి కేసింగ్ లోపలా, నేల మీద దుమ్ములోనూ మిగులుతుంది. ఏరిన చేతులతో తినడం, పొడి చీపురుతో రేంజ్ ఊడ్చడం, తోమే డ్రమ్ము ఇంట్లో పెట్టుకోవడం, ఈ మూడూ సీసం ఒంట్లోకి వెళ్ళే దారులే. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చేసే హాని పెద్దవాళ్ళకంటే చాలా ఎక్కువ. ఎంప్టీలు ఏరే పని పిల్లలకు ఆటలా అప్పగించే అలవాటు ఎక్కడున్నా మానాల్సిందే. రేంజ్ నుంచి రాగానే సబ్బుతో చేతులు, ముఖం కడుక్కోవడం, ఆ బట్టలు విడిగా ఉతకడం చిన్న జాగ్రత్తలే గానీ నిజంగా పనిచేస్తాయి.

చివరికి ఆ ఇత్తడి ఎక్కడికి వెళ్తుంది

ఏరుకుపోనివ్వకపోతే వృథా అయినట్టు కాదు. ఇత్తడి కరిగించి మళ్ళీ ఇత్తడి చేయడానికి అనువైన లోహం. దేశంలో జామ్‌నగర్ ఇత్తడి విడిభాగాల పరిశ్రమ, మొరాదాబాద్ పాత్రల పరిశ్రమ తుక్కు ఇత్తడిని పెద్ద ఎత్తున వాడతాయి. రేంజ్ ఎంప్టీలను లెక్క తేల్చి, నలగ్గొట్టి, కాగితాలతో అమ్మితే ఆ డబ్బు రేంజ్ నిర్వహణకే తిరిగి రావచ్చు.

ఇందులో జాగ్రత్తపడాల్సిన చోటు ఒకటి ఉంది. పేలకుండా మొరాయించిన రౌండ్లు ఎంప్టీల డబ్బాలో కలిసిపోవడం ప్రతి రేంజ్‌లోనూ జరగగలిగేదే. ఆ డబ్బా చూడకుండా గుజిరీ కొట్టుకు, అక్కడి నుంచి కొలిమికి వెళ్తే కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళ ప్రాణాలకే ముప్పు. సైనిక ఫైరింగ్ రేంజ్‌ల చుట్టుపక్కల తుక్కు ఏరుకునే పేదలు పేలని గుండ్లకు బలైన సంఘటనలు దేశంలో మళ్ళీ మళ్ళీ జరిగాయి. వాళ్ళు వెళ్ళేది ఆ ఇత్తడి, ఉక్కు ముక్కలు కొనేవాళ్ళున్నారని తెలిసే. కాబట్టి ఎంప్టీలను ఒక్కొక్కటిగా చూసి, లైవ్‌ది ఏదైనా ఉంటే వేరుచేసి, నలగ్గొట్టాకే బయటకు పంపాలన్న నియమాన్ని రేంజ్ నడిపేవాళ్ళు గట్టిగా పాటించాలి. తుక్కు వ్యాపారులు కూడా నలగ్గొట్టని కేసింగ్ బస్తా వస్తే కాగితాలు అడగాలి. ఇంట్లో పాత పెట్టెలో తాతగారి కాలం నాటి రౌండ్ ఏదైనా దొరికితే దాన్ని కొట్టి చూడకుండా, విప్పకుండా, ఉన్నచోటే ఉంచి 112కు గానీ దగ్గరి పోలీస్ స్టేషన్‌కు గానీ ఫోన్ చేయాలి.